పసివారి పంతులమ్మ నేర్చుకొన్న చదువు

తల్లి ఒడే తొలి బడి అని మన పెద్దలంటారు. ఆ మాటలో సత్యమున్నది. కాని ఆ సత్యాన్ని ఆసరా చేసుకొని ఒక అపోహ కూడా మన సమాజంలో చిరకాలంగా నిలిచి ఉన్నది. పసిపిల్లలను సాకటం ప్రతి స్త్రీకీ పుట్టుకతో వచ్చే విద్య అనీ, అందులో ప్రత్యేకంగా నేర్వవలసిందేమీ లేదనీ, నేర్వవలసింది లేని పనికి చెప్పుకోదగ్గ జీతం కూడా అక్కరలేదనీ ఆ అపోహ సారాంశం. వైద్యుడు చదవాలి, న్యాయవాది చదవాలి, వంతెన కట్టే ఇంజనీరు చదవాలి. మూడేళ్ళ పిల్లలు ముప్పైమంది మధ్య రోజంతా గడిపే మనిషికి మాత్రం ఓర్పు ఒక్కటుంటే చాలునని అనుకొంటాం.

ఈ అపోహతో పోరాడినవారి చరిత్ర దాదాపు రెండు వందల ఏళ్ళ నాటిది. అది పిల్లల బడుల చరిత్ర కాదు; ఆ బడులలో పనిచేసేవారు తమ పనిని ఎలా నేర్చుకొన్నారనే చరిత్ర. ఈ రెండవదానిని గూర్చి మనం తక్కువగా వింటాం. దానిని శ్రోతలకు పరిచయం చేయటమే ఈ ప్రసంగంలో మా ఉద్దేశం.

మన పూర్వపు వీధిబడిని ఒకసారి తలచుకొందాం. ఐదవ ఏట అక్షరాభ్యాసం. ఇసుకలో ఓనమాలు దిద్దటం. తప్పితే బెత్తం, గోడకుర్చీ, కోదండం. ఆ ఐదవ ఏటికి ముందు పిల్లవాడికి చదువంటూ ఒకటి ఉన్నదని ఎవరూ తలపోయలేదు. నాయనమ్మ కథలలో, బొమ్మరిల్లు కట్టటంలో, చెమ్మచెక్కలలో, గుజ్జనగూళ్ళలో అది తనంతట తాను జరిగిపోయేది. లోకంలో చాలా దేశాల స్థితి ఇంతే. ఆ ఆటలే అసలు చదువనీ, ఆ ఆటలను ఆడించేవారికి కూడా ఒక చదువు కావాలనీ గట్టిగా చెప్పినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశీయుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్.

ఫ్రోబెల్ 1782లో థురింజియా ప్రాంతంలో ఒక మతాచార్యుని ఇంట పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకొన్నాడు. 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న పట్టణంలో పసివారి ఆటపాటల కొరకు ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. రంగురంగుల ఉన్ని బంతులు, కొయ్య గోళం, కొయ్య దిమ్మెలు మొదలైన వస్తువులను ఒక వరుసలో కూర్చి, వాటిని 'కానుకలు' అన్నాడు. అయితే అచిరకాలంలోనే ఆయనకు ఒక సంగతి బోధపడింది. పిల్లవాని చేతికి బంతిని ఇవ్వటం తేలిక. దానిని ఎప్పుడు ఇవ్వాలి, ఇచ్చిన తరువాత ఏ మాట అనాలి, ఏ మాట అనకుండా ఉండాలి అన్నది తెలియటం కష్టం. తోట ఉంటే చాలదు, తోటమాలి పని తెలిసినవారు కావాలి. అందువల్ల ఆయన తన చివరి దశాబ్దాన్ని ప్రధానంగా యువతులకు ఈ పని నేర్పటానికే వినియోగించాడు.

1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లను నిషేధించింది. ఫ్రోబెల్ సోదరుని కుమారుడైన కార్ల్ ఫ్రోబెల్ రచనలను ఈయనవిగా పొరబడి, వీటిలో నాస్తికత్వమూ సామ్యవాదమూ ఉన్నవని అధికారులు శంకించారు. మరుసటి ఏడు, 1852లో, ఫ్రోబెల్ కన్నుమూశాడు. నిషేధం 1860 వరకు తొలగలేదు. కాని ఈలోగా ఆయన వద్ద తర్ఫీదు పొందినవారూ, ఆయన భావాలు విన్నవారూ ఇంగ్లండుకు, అమెరికాకు ఆ విద్యను తీసుకొనిపోయారు. బడిని మూయటం ప్రభుత్వానికి సాధ్యమైంది. నేర్చిన చేతులలోని విద్యను తిరిగి తీసుకోవటం సాధ్యం కాలేదు. ఈ చరిత్రలో మనం గుర్తుంచుకోవలసిన మొదటి పాఠం ఇది.

రెండవ పాఠం ఇటలీ నుండి వచ్చింది. మరియా మాంటిస్సోరి 1870లో పుట్టి, 1896లో రోము విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పొందిన విదుషి. 1907 జనవరి 6వ తేదీన రోములోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె ఒక శిశుగృహాన్ని ప్రారంభించారు. తల్లిదండ్రులు పనికి పోగా మెట్లమీద, గోడలమీద అల్లరి చేస్తూ తిరిగే సుమారు 50 మంది పిల్లలు అందులో చేరారు. వారిని చూచుకోవటానికి ఆమె నియమించినది చదువుకొన్న ఉపాధ్యాయినిని కాదు. ఆ పని ఎరుగని ఒక సామాన్య యువతిని. కారణం ఆలోచింపదగినది. ఉపాధ్యాయ వృత్తిలో ఆరితేరినవారికి ఊరకుండటం చేతకాదు. పిల్లవాడు తడుముకొంటూ ఉంటే నోరు విప్పుతారు, చేయి పెడతారు, సరిదిద్దుతారు. డాక్టరుగా మాంటిస్సోరికి కావలసింది ముందుగా చూడటం.

అటువంటి ఆమెయే 1909లో చిట్టా ది కాస్తెల్లో అనే ఊరిలో దాదాపు వందమందికి తొలి శిక్షణ తరగతి నడిపి, అది మొదలు కన్నుమూసే వరకు దేశదేశాలలో ఉపాధ్యాయులను తయారుచేస్తూనే ఉన్నారు. ఇది పైకి విరుద్ధంగా కనిపించవచ్చు. శిక్షణ లేని మనిషిని కోరి తెచ్చుకొన్న ఆమె శిక్షణకే తన జీవితాన్ని ఎందుకు ధారపోశారు? ఊరకుండి చూడటమనేది కూడా నేర్చుకొంటేనే వచ్చే విద్య గనుక. ఆమె తరగతులలో చేరినవారు ప్రతి పరికరాన్నీ స్వయంగా పదేపదే వాడి చూడాలి. దానిని పిల్లవానికి చూపించే పద్ధతిని తమ చేతితో వ్రాసుకొని గ్రంథంగా కూర్చుకోవాలి. గదిలో ఒక మూల కూర్చొని, గంటలకొద్దీ పిల్లలను చూస్తూ, చూచినది మాత్రమే వ్రాయాలి.

ఈ చివరి పని ఎంత కష్టమో శ్రోతలు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మూడేళ్ళ బిడ్డ చొక్కా బొత్తాలు పెట్టుకొంటూ ఉంటే, పక్కన కూర్చొని ఐదు నిమిషాలు చూడండి. మొదటి బొత్తం రెండవ కాజాలోకి పోతుంది. బిడ్డ నాలుక బయటపెట్టి, కనుబొమలు ముడిచి మళ్ళీ మొదలుపెడుతుంది. 'ఇలా రా అమ్మా, నేను పెడతాను' అనే మాట మన నోటి చివరి వరకు వస్తుంది. ఆ మాటను మింగగలవారు ఎందరు? ప్రేమ లేకపోవటం వల్ల కాదు, ప్రేమ ఉండటం వల్లనే మనం ఆ బిడ్డ గెలుపును లాగుకొంటాం. ఈ ప్రేమకు పగ్గం వేయటమే శిక్షణ. మాంటిస్సోరి తన బడులలోని పెద్దలను ఉపాధ్యాయిని అనక నిర్దేశకురాలు అని పిలవటంలోని భావం ఇదే.

ఇక మన దేశానికి వద్దాం. 1885లో సౌరాష్ట్రలో పుట్టిన గిజుభాయి బధేకా వృత్తిరీత్యా వకీలు. 1913లో కొడుకు పుట్టినప్పుడు వానిని ఎలా పెంచాలన్న చింత ఆయనను పుస్తకాలవైపు మళ్ళించింది. ఆ అన్వేషణలో మాంటిస్సోరి రచన చేతికి వచ్చింది. 1916లో ఆయన వకాలతు మాని, నానాభాయి భట్టు భావనగరంలో స్థాపించిన దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడ బాలమందిరం తెరిచారు. గురువును కలియకుండా, కేవలం గ్రంథం ద్వారా నేర్చిన ఏకలవ్యుడాయన. బెత్తం లేని బడి, భయం లేని చదువు ఆయన నియమం. గుజరాతీ పాటలు, కథలు, నాటకాలు అక్కడి పాఠ్యాలు. పొడుగాటి మీసాలున్న ఆ పెద్దమనిషిని ప్రజలు 'మూఛాళీ మా', అంటే మీసాల తల్లి అని పిలిచారు. పసివారిని సాకే గుణం స్త్రీలకు మాత్రమే పుట్టుకతో వస్తుందన్న నమ్మకానికి ఆ పేరే చక్కని సమాధానం.

బాలమందిరం నడిచిన కొద్ది కాలానికే ఆయనకు కూడా ఫ్రోబెల్‌కు కలిగిన అనుభవమే కలిగింది. 1925లో ఉపాధ్యాయుల శిక్షణకై అధ్యాపన మందిరం ఏర్పడింది. 1926లో నూతన బాల శిక్షణ సంఘం నెలకొన్నది. మనవారు 'పగటి కల'గా చదువుకొన్న ఆయన 'దివాస్వప్నం' 1930 ప్రాంతాల నాటిది. పిల్లవాడిని మార్చటానికి ముందు పంతులు తాను మారాలన్నది ఆ పుస్తకానికి ప్రాణం. గిజుభాయి 1939 జూన్‌లో కన్నుమూశారు. తాను గ్రంథంలో మాత్రమే చూచిన మాంటిస్సోరి ఆ సంవత్సరం చివరిలోనే భారతదేశంలో అడుగుపెట్టబోతున్నారని చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు.

దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షులైన జార్జి అరండేల్ ఆహ్వానంపై మాంటిస్సోరి తన కుమారుడు మారియోతో కలిసి మద్రాసులోని అడయారుకు వచ్చారు. అప్పటికి ఆమెకు 69 ఏళ్ళు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఆనాడు మద్రాసే రాజధాని. దేశం నలుమూలల నుండి సుమారు 300 మంది తరగతిలో చేరారు. వారికి ఆకుల కప్పు పాకలు వేశారు. ఆమె ఇటాలియన్ భాషలో ప్రసంగిస్తే మారియో దానిని వాక్యం వాక్యంగా ఇంగ్లీషులోకి మార్చేవాడు. విన్నవారు దానిని తమ తమ మాతృభాషల పిల్లల వద్దకు చేర్చవలసి ఉండేది. ఇన్ని చేతులు మారినా ఆ విద్య చెడలేదంటే, అది మాటలకంటె చేతలలో ఎక్కువగా ఉండటమే కారణమని మేము భావిస్తాము.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగింది. ఇటలీ పౌరులు కాబట్టి బ్రిటిషు ప్రభుత్వం మారియోను నిర్బంధంలో ఉంచి, ఆమె సంచారాన్ని కట్టడి చేసింది. ఆగస్టు 31న, ఆమె 70వ జన్మదినాన, మారియోను విడుదల చేశారు. యుద్ధకాలంలో కొంత భాగం ఆమె కొడైకెనాల్ కొండలలో గడిపి, అక్కడ పసికందులు మొదలు పెద్ద పిల్లల వరకు అందరినీ గమనించారు. ఆరు నెలల పనికని వచ్చి, మధ్యలో కొంతకాలం యూరపులో గడిపినా, 1949 వరకు మన దేశంలో పనిచేశారు. ఆ కాలంలో వేయిమందికి పైగా భారతీయులు ఆమె తరగతులలో శిక్షణ పొందారు. 1952లో ఆమె నెదర్లాండ్స్‌లో కన్నుమూశారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆ పరికరాలు ఖరీదైనవి. ఆ తరగతుల రుసుము పట్టణపు మధ్యతరగతి వారికి గాని అందదు. రోము నగరపు పేదపిల్లల కొరకు పుట్టిన పద్ధతి మన దేశంలో క్రమంగా కలవారి పిల్లల బడిగా పేరుపడింది. ఈ చిక్కును విప్పటానికి పూనుకొన్నవారు తారాబాయి మోడక్.

తారాబాయి 1892లో బొంబాయిలో పుట్టారు. 1914లో పట్టభద్రురాలై, రాజకోటలో స్త్రీల శిక్షణ కళాశాలకు అధ్యక్షత వహించి, ఆ ఉద్యోగం వదులుకొని గిజుభాయి వద్దకు చేరారు. 1936లో బొంబాయి దాదరులో శిశువిహారం స్థాపించారు. 1945లో నగరాన్ని విడిచి, ఆనాటి ఠాణా జిల్లా సముద్రతీరాన ఉన్న బోర్డీ గ్రామానికి తరలి, గ్రామ బాలశిక్షా కేంద్రం ప్రారంభించారు. ఆ ఏడే అనూతాయి వాఘ్ ఆమెతో చేరారు. 13వ ఏటనే భర్తను పోగొట్టుకొని, పట్టుదలతో చదువుకొన్న స్త్రీ ఆమె.

బడి తెరిచారు గాని పేదల పిల్లలు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవటానికి వారు పేటలోకి వెళ్ళి చూచారు. ఏడెనిమిదేళ్ళ అక్క చంకలో చంటిబిడ్డ ఉన్నది. అన్న పశువుల వెంట పోయాడు. తల్లి పొలంలో ఉన్నది. బడికి పంపే తీరిక ఎవరికున్నది? పిల్లలు బడికి రాకుంటే బడే పిల్లల వద్దకు పోవాలని వారు నిశ్చయించారు. పేటలోని ముంగిలిలోనే బడి పెట్టారు. పిల్లలకు స్నానం చేయించటం, తల దువ్వటం, గుడ్డలు ఉతకటం కూడా పాఠాలలో చేరినవి. గులకరాళ్ళు, గవ్వలు, గింజలు, ఆకులు పరికరాలైనవి. ముంగిలిలోని ఆ తోటకు 'అంగన్‌వాడి' అన్న పేరు వచ్చింది. తరువాత 1957లో వారు కోస్బాడ్ కొండకు చేరి, వార్లీ గిరిజనుల మధ్య శిశుసదనం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల మూడింటినీ ఒకే కప్పు కింద నడిపారు. చంటిబిడ్డను శిశుసదనంలో దించితేనే అక్క పలక పట్టగలదన్నది వారు కనుగొన్న సత్యం.

శిక్షణ విషయంలో కూడా తారాబాయి ఒక మలుపు త్రిప్పారు. నగరం నుండి పట్టభద్రులను తేవటానికి బదులు, ఆ ఊరి ఆడపడుచులనే, కొద్దిపాటి చదువున్నవారినే, చేరదీసి తీర్చారు. వారికి పిల్లల భాష తెలుసు, తల్లుల కష్టం తెలుసు. తెలియనిది నేర్పటం సులభం. తెలిసినదానికి విలువ ఉన్నదని వారిచేత నమ్మించటమే కష్టం. తారాబాయికి 1962లో పద్మభూషణ్ బిరుదు లభించింది. 1973లో ఆమె దివంగతులైనారు.

ప్రభుత్వాలు ఈ సంగతి ఎరుగక పోలేదు. 1944 నాటి సార్జెంటు నివేదిక శిశుపాఠశాలలలో ప్రత్యేక శిక్షణ పొందిన స్త్రీలనే నియమించాలని సిఫార్సు చేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన ఆమె ఆధ్వర్యంలో, 1954 నుండి సంక్షేమ విస్తరణ పథకాల ద్వారా వేలాది పల్లెలకు బాలవాడి అన్న మాట చేరింది. మూడవ పంచవర్ష ప్రణాళిక కాలంలో బాలసేవికల శిక్షణ సాగింది. 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన అధ్యయన సంఘం పసివారి ఆహారం, ఆరోగ్యం, చదువు మూడూ విడదీయరానివని నివేదించింది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం ప్రారంభమైంది. దాని కేంద్రాలకు పెట్టిన పేరు తారాబాయి ముంగిలినుండి వచ్చినదే: అంగన్‌వాడి.

నేడు దేశంలో అటువంటి కేంద్రాలు దాదాపు 14 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 వేలు, తెలంగాణలో సుమారు 35 వేలు ఉన్నవి. ఇంతటి విస్తరణ లోకంలో అరుదు. కాని పేరుతోపాటు ఆ పేరు వెనుక ఉన్న శిక్షణ కూడా వచ్చిందా అని ప్రశ్నించుకోవలసి ఉన్నది. చాలాకాలం ఈ కార్యకర్త నియామకానంతరం పొందిన ఉద్యోగ శిక్షణ సుమారు ఒక నెల. ఆ నెలలోనే పోషకాహారం, టీకాలు, గర్భిణుల సంరక్షణ, తూకాలు, రిజిస్టర్లు, వీటన్నిటి తరువాత మిగిలితే ఆటపాటలు. ఒక మూల కూర్చొని ఒక బిడ్డను గమనించే తీరిక ఆమెకు ఎక్కడిది?

ఆమె పొందేది జీతం కాదు, గౌరవ వేతనం. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకు, సహాయకులకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది. పథకం మొదలైన 46 ఏళ్ళకు గాని ఆ మాట వినబడలేదు. ప్రసంగారంభంలో చెప్పిన అపోహకు ఆయుష్షు ఎంత గట్టిదో దీనివల్ల విదితమవుతుంది.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఇంటర్మీడియెట్ చదివిన కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటె తక్కువ చదివినవారికి ఒక సంవత్సరం డిప్లొమా ఉండాలని నిర్దేశించింది. ఇది హర్షణీయం. అయితే ఈ బోధన ప్రధానంగా టెలివిజన్, సెల్‌ఫోన్‌ల ద్వారా దూరవిద్యగా సాగాలనీ, నెలకు కనీసం ఒకసారి ముఖాముఖి తరగతి ఉండాలనీ అందులో ఉన్నది. దూరం నుండి మాట చేరవేయటమే వృత్తిగా గల మేము దీనిని తప్పుపట్టలేము. కాని మా వృత్తి మాకు నేర్పిన పరిమితి ఒకటి ఉన్నది. గొంతు ఎంత దూరమైనా పోతుంది, చేయి పోదు. బొత్తం పెట్టబోయే చేతిని వెనుకకు తీసుకోవటం ఎలాగో, పక్కన కూర్చొని చూపించే అనుభవజ్ఞురాలు లేనిదే అలవడదు. ఫ్రోబెల్ నుండి తారాబాయి వరకు అందరూ తమ శిష్యులను పిల్లల మధ్యనే కూర్చోబెట్టారు. నెలకొక్క తరగతిని నామమాత్రం కానీయక, అనుభవమున్న కార్యకర్త కేంద్రంలో కొత్తవారు కొన్ని వారాలు గడిపే ఏర్పాటు చేస్తే, ఈ కొత్త కోర్సులకు ఆ పాత ప్రాణం వస్తుంది.

శ్రోతలు కూడా చేయగలిగినది కొంత ఉన్నది. మీ వీధిలోని అంగన్‌వాడీ టీచరును కలిసినప్పుడు, గుడ్లు వచ్చినవా, పాలు వచ్చినవా అని అడుగుతాం, అడగవలసినదే. దానితోపాటు, మీరు ఎక్కడ నేర్చుకొన్నారు, ఇంకా ఏమి నేర్చుకోవాలని ఉన్నది అని కూడా అడిగి చూడండి. ఇంట్లో చదువుకొన్న అమ్మాయి గాని అబ్బాయి గాని పసివారి బడిలో పనిచేస్తానంటే, ఇంత చదివి ఈ పనా అని అనకండి. ఇంత చదివితే గాని ఆ పని చేతకాదన్నదే ఈ రెండు వందల ఏళ్ళ చరిత్ర మనకు చెప్పేది.